దుమ్ము డబ్బా దాటకూడదు

(నెల్లూరులో వర్క్‌షాపు యజమానులు, మెకానిక్కులు, ఐటీఐ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. షెడ్లు మూసుకొని వచ్చిన అన్నలకు, క్లాసులు అయిపోగానే నేరుగా ఇక్కడికే వచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం.

నా పక్కన పెట్టిన ఈ బ్లాస్టింగ్ క్యాబినెట్టు, అంటే గ్రిట్టు అనే గరుకు రేణువులను గాలితో చిమ్మి తుప్పు తీసే ఈ మూసిన డబ్బా, మీలో చాలామందికి తెలిసిందే. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల నుంచి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల గేర్‌బాక్సులు వస్తాయి. ఉప్పునీళ్లలో నాని, తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. బండ్ల రిమ్ములు, పంపుల ఇంపెల్లర్లు, పౌడర్ కోటింగుకు పోయే గ్రిల్లు ముక్కలు వస్తాయి. ఒంగోలు, చీమకుర్తి వైపైతే రాతి మీద పేర్లు కొట్టడానికి వాడతారు. వైర్ బ్రష్షుతో పూటంతా గీకినా మూలల్లో మిగిలిపోయే తుప్పు ఇందులో నిమిషాల్లో పోతుంది. అందుకే చిన్న చిన్న షెడ్లు కూడా అప్పో సొప్పో చేసి దీన్ని కొంటున్నాయి. మంచిదే. ఆరుబయట నిలబడి గన్ను పట్టుకొని కొట్టడంతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు మేలు.

అయితే ఈ మిషను ఎందుకు కొన్నావని అడిగితే అందరూ తుప్పు తీయడానికి అంటారు. తుప్పు తీసేది గన్ను. గన్ను విడిగా కూడా దొరుకుతుంది. ఈ డబ్బాకు మీరు పోసిన డబ్బు దుమ్మును లోపల పట్టి ఉంచడానికి. తలుపు, దాని చుట్టూ సందు మూసే గ్యాస్కెట్టు, ఈ రెండు పొడుగు గ్లౌజులు, ఈ అద్దం, వెనకాల దుమ్మును లాగి పట్టే డస్ట్ కలెక్టరు, అన్నీ ఆ ఒక్క పని కోసమే ఉన్నాయి. వాటిలో ఏది చెడినా గన్ను మాత్రం ఎప్పటిలాగే కొడుతూనే ఉంటుంది, తుప్పు పోతూనే ఉంటుంది. అందుకని మనకు తెలియదు. మీరు ఈ రోజు నా దగ్గర్నుంచి పట్టుకుపోవాలని నేను కోరుకునేది ఈ ఒక్క సంగతే. మిగతావన్నీ దీని వెంట వచ్చేవే.

ముందు ఇసుక గురించి చెప్పాలి. ఎక్కువ సేపు చెబుతాను, ఓపిక పట్టండి.

గాలితో ఇసుకను చిమ్మి గట్టి వస్తువులను చెక్కే పద్ధతికి 1870లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అప్పటి నుంచీ ఎక్కడ దొరికే ఇసుక అక్కడ వాడారు. ఆ పని చేసినవాళ్లు ఊపిరితిత్తులు గట్టిపడిపోయి చిన్న వయసులోనే పోతుంటే చూసి చూసి, బ్రిటన్ 1949లో పోత వస్తువులను శుభ్రం చేసే బ్లాస్టింగులో సిలికా ఇసుకను నిషేధించింది. సిలికా అంటే మామూలు ఇసుకలో ముఖ్యంగా ఉండే ఖనిజం. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 1974లో, ఒక శాతం కన్నా ఎక్కువ సిలికా ఉన్న పదార్థంతో బ్లాస్టింగ్ చేయించవద్దని సిఫారసు చేసింది. జీన్స్ ప్యాంట్లను పాతవాటిలా కనిపించేట్టు చేయడానికి టర్కీలో ఇసుకతో కొట్టించేవారు. కుర్రాళ్లు వరసగా జబ్బు పడ్డారు. 2009లో అక్కడా ఆపేశారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఈ ఊపిరితిత్తుల జబ్బు అయిన సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన రోగాల పట్టికలో పెట్టింది. అంటే ఇది కొత్తగా బయటపడ్డ ప్రమాదం కాదు. మన తాతల నాటికే తెలిసిన ప్రమాదం.

మరి ఇప్పుడు నెల్లూరులో దీని గురించి ఎందుకు చెబుతున్నాను? చిల్లకూరు, కోట మండలాల్లో సముద్రం వెంబడి ఉన్న తెల్ల ఇసుక మీకు తెలుసు. గూడూరు సిలికా అని గాజు ఫ్యాక్టరీలకు లారీలకు లారీలు పోతుంది. అందులో 95 శాతానికి పైగా సిలికానే. గాజు చేసేవాళ్లకు అంతకన్నా మంచి సరుకు ఉండదు. మన క్యాబినెట్టులో పోయడానికి అంతకన్నా చెడ్డ సరుకు ఉండదు. కానీ ఒక సంచి తెచ్చుకోవడం ఎంత సేపు? రేణువులన్నీ ఒకే సైజులో ఉంటాయి, గన్నులో చక్కగా పారుతుంది, తుప్పు కూడా బాగా తీస్తుంది. ఇసుక బదులు వాడే గార్నెట్ అనే ఖనిజపు రేణువుల సంచి ధరతో పోలిస్తే దాదాపు ఊరికే వచ్చినట్టు. ఈ సౌకర్యమే నన్ను భయపెడుతుంది. పెన్న ఇసుకైనా అంతే, కడిగి ఆరబోసినా అంతే. సైదాపురం వైపు దొరికే, దాదాపు అంతా సిలికాయే అయిన తెల్ల క్వార్ట్జ్ రాయి నలగ్గొట్టిన పొడి అయితే చెప్పనే అక్కర్లేదు.

ఇసుక రేణువు గన్నులోంచి గంటకు వందల కిలోమీటర్ల వేగంతో పోయి ఇనుముకు తగులుతుంది. తగిలి పగులుతుంది. పగిలిన ముక్కల్లో పెద్దవి ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి, చీదితే దగ్గితే బయటికొస్తాయి. 10 మైక్రాన్ల లోపువి, మరీ ముఖ్యంగా నాలుగైదు మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల కొసన ఉండే గాలి తిత్తుల దాకా పోతాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాంతో పోల్చుకోండి. అక్కడ శుభ్రం చేసే కణాలు ఉంటాయి. అవి ఈ ముక్కను మింగుతాయి, అరిగించుకోలేక చచ్చిపోతాయి. ముక్క మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. చచ్చిన ప్రతిచోటా వాపు, ఆ వాపు మానేచోట మచ్చ. మచ్చ పడిన చోట ఊపిరితిత్తి సాగదు. దీనికి మందు లేదు. పని మానేసినా జబ్బు ముదరడం ఆగకపోవచ్చు. అప్పటికప్పుడు పగిలిన సిలికా, నేల మీద ఏళ్లుగా పడున్న దుమ్ము కన్నా ఎక్కువ హాని చేస్తుంది. మన గన్ను చేసే పనే అప్పటికప్పుడు పగలగొట్టడం.

ఎంత పీలిస్తే ప్రమాదం అని ఇందాక చాయ్ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. అమెరికాలో 2016లో పెట్టిన హద్దు చెబుతాను. ఎనిమిది గంటల పనిలో సగటున ఒక ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల సన్న సిలికా దాటకూడదు. ఒక గ్రాముకు 10 లక్షల మైక్రోగ్రాములు. లెక్క వేసుకోండి. ఒక హాలు పొడవు 20 మీటర్లు, వెడల్పు 20, ఎత్తు 5 అనుకుంటే 2,000 ఘనపు మీటర్ల గాలి. అట్లాంటి పది హాళ్ల గాలిని హద్దు దాకా చెడగొట్టడానికి ఒక్క గ్రాము చాలు. మనం క్యాబినెట్టులో పోసేది కిలోల్లో.

ఈ జబ్బులో పది ఇరవై ఏళ్లు పనిచేస్తే మెల్లగా వచ్చే రకం ఒకటి. ఎక్కువ దుమ్ములో ఐదు నుంచి పదేళ్లకే వచ్చే రకం ఒకటి. మూసిన గదిలో విపరీతమైన దుమ్ము పీలిస్తే కొన్ని నెలల్లోనే ముంచుకొచ్చే రకం ఇంకొకటి. బ్లాస్టింగ్ చేసేవాళ్లలో ఆ మూడో రకం కూడా కనిపించింది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే పనివాళ్ల సంగతి వైద్యులు ఎప్పుడో రాశారు. బలపం రాయి, పలక రాయి మనకు కొత్తవి కావు, మార్కాపురం మన పక్కనే ఉంది. రాయి కోసే దుమ్ము మధ్య పనిచేసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలోనే ఉండి ఉంటారు. వాళ్లను అడగండి.

(సభలోంచి ఒకరు: సార్, ఇసుక బదులు గాజు పూసలు వాడమంటారు గదా. గాజు కూడా ఆ ఇసుకతోనే గదా చేసేది?)

చాలా మంచి ప్రశ్న అన్నా. అవును, ఆ ఇసుకతోనే. తేడా ఎక్కడ వస్తుందంటే, ఇసుకలో సిలికా స్ఫటికంగా ఉంటుంది, అణువులు ఒక వరసలో కట్టుబడి ఉంటాయి. ఊపిరితిత్తిలో చిచ్చు పెట్టేది ఆ స్ఫటిక రూపం. సోడా, సున్నం కలిపి కొలిమిలో కరిగించి గాజు చేసేసరికి ఆ వరస చెదిరిపోతుంది. అందుకని గాజు పూసలతో సిలికోసిస్ భయం ఉండదు. అయితే దుమ్ము దుమ్మే. గాజు పొడి కూడా పీల్చకూడదు. పైగా మీ గన్నులోంచి పోయేది ఒక్క పూసే కాదు, వస్తువు మీదున్న తుప్పు, పాత రంగు, పూత కూడా పొడి అయి గాల్లోకి లేస్తాయి.

గాజు పూసలు మెత్తగా మెరుగు పెట్టడానికి పనికొస్తాయి, అల్యూమినియం భాగాలకు, కార్బ్యురేటర్ పైభాగాలకు బాగుంటాయి. వాటికి గాలి ఒత్తిడి 50, 60 పీఎస్ఐ దాటించవద్దు. మన గేజి మీద నాలుగు కేజీల ప్రెజరు. ఎక్కువ పెడితే పూస పగిలి పొడి అవుతుంది తప్ప పని పెరగదు. గట్టి తుప్పు, మందపు రంగు అయితే అల్యూమినియం ఆక్సైడు గానీ గార్నెట్టు గానీ వాడండి. సుమారు 80 పీఎస్ఐ, అంటే ఐదున్నర కేజీలు. అల్యూమినియం ఆక్సైడు చాలాసార్లు తిరుగుతుంది, అందుకే సంచి ధర చూసి బెదిరిపోకండి. ఏది కొన్నా సంచి మీద స్ఫటిక సిలికా ఎంతుందో రాసి ఉందా చూడండి, ఆ సరుకులో ఏముందో చెప్పే డేటా షీటు అడగండి. ఇవ్వలేని దుకాణంలో కొనవద్దు. రాళ్ల మీద అక్షరాలు కొట్టే అన్నలకు ఇంకో మాట. మీకు దుమ్ము గన్నులోంచే కాదు, రాతిలోంచి కూడా వస్తుంది. చీమకుర్తి నల్ల గెలాక్సీ నిజానికి గాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ తక్కువ. ఎర్ర, బూడిద రంగు గ్రానైట్లలో క్వార్ట్జ్ 20 శాతానికి పైగానే ఉంటుంది. గార్నెట్టు వాడుతున్నాను, నాకేం ఫర్వాలేదు అనుకోవడానికి లేదు.

ఇక పని దగ్గరికి వద్దాం. ఎక్కువ దుమ్ము పీల్చేది కొట్టేటప్పుడు కాదు, తలుపు తెరిచేటప్పుడు. వస్తువు అయిపోయింది, పెడల్ మీద కాలు తీశాం, టక్కున తలుపు ఎత్తాం, మొహం లోపల పెట్టాం. ఆ క్షణంలో లోపలున్న మేఘమంతా మన మొహానికి కొడుతుంది. కాసేపు ఆగితే దుమ్ము కిందికి దిగుతుంది గదా అనుకుంటారు. 5 మైక్రాన్ల రాతి రేణువు ఒక మీటరు కిందికి దిగడానికి కదలని గాలిలో ఎనిమిది నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్ రేణువుకైతే మూడు గంటలు. అంత సేపు ఎవరూ ఆగరు. కాబట్టి దిగడం మీద ఆధారపడకూడదు, కలెక్టరు లాగేయాలి. క్రమం ఇది: ముందు కలెక్టరు వేయండి, తర్వాత గాలి. ఆపేటప్పుడు ముందు గాలి ఆపండి. కలెక్టరు నడుస్తూనే ఉండాలి, ఒక నిమిషం ఆగాలి, అప్పుడు తలుపు. అద్దంలోంచి చూస్తే లోపలి లైటు చుట్టూ మసక లేకుండా ఉండాలి. వస్తువు మీది దుమ్మును తలుపు మూసి ఉండగానే లోపలి గాలి గొట్టంతో ఊదేసి, ఆ తర్వాతే బయటికి తీయండి. బయటికి తెచ్చి ఊదితే ఇంతసేపు డబ్బా పడ్డ శ్రమంతా వృథా.

కలెక్టరు బాగా పనిచేస్తే లోపల గాలి ఒత్తిడి బయటికన్నా కొంచెం తక్కువగా ఉంటుంది. చిన్న సందు ఉన్నా బయటి గాలి లోపలికి పోతుంది గానీ లోపలి దుమ్ము బయటికి రాదు. ఫిల్టరు మూసుకుపోతే ఇది తలకిందులవుతుంది, ప్రతి సందులోంచీ దుమ్ము బయటికి చిమ్ముతుంది. దీన్ని కనిపెట్టడానికి పరికరాలేమీ కొననక్కర్లేదు. చీకటి పడ్డాక షెడ్డులో లైట్లు తీసేయండి. ఒకరు క్యాబినెట్టులో కొడుతూ ఉంటే, ఇంకొకరు గట్టి టార్చి పట్టుకొని తలుపు అంచులు, గ్లౌజుల రింగులు, కలెక్టరు గొట్టం అతుకులు, గాలి బయటికి పోయే మూతి వెంబడి పక్కవాటుగా వెలుగు వేయండి. మామూలు వెలుతురులో కనిపించని సన్న దుమ్ము ఆ వెలుగులో, పెంకుటింట్లో కంతలోంచి పడే ఎండలో నలుసులు తేలినట్టు తేలుతుంది. ఎక్కడ తేలిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి, మర్నాడు ఆ గ్యాస్కెట్టు మార్చండి. ఈ పరీక్ష నెలకోసారి చేయమని మిమ్మల్ని బతిమాలి అడుగుతున్నాను.

ఇంట్లో ఊడ్చే వాక్యూమ్ క్లీనరును కలెక్టరుగా తగిలించిన షెడ్లు చూశాను. దాని సంచి పెద్ద దుమ్మును పట్టి, ప్రమాదకరమైన సన్న దుమ్మును వెనకనుంచి గదిలోకే ఊదుతుంది. మోటారు కూడా తొందరగా పోతుంది. అసలైన కార్ట్రిడ్జి ఫిల్టరు ఉన్న కలెక్టరే పెట్టండి. దాని మూతి బయటికి పెడితే, పక్క షెడ్డు కిటికీ వైపో బడి వైపో పెట్టకండి.

గ్లౌజుల సంగతి తొందరగా చెబుతాను. రోజూ పొద్దున్నే వేళ్ల మధ్య, మణికట్టు దగ్గర చూడండి. చిల్లు పడితే టేపు వేయొద్దు, మార్చండి. ఎండాకాలం చెమట పడుతుందని గ్లౌజులు తీసేసి, ఆ రంధ్రాల్లోంచి ఒట్టి చేతులు పెట్టి కొట్టే వాళ్లున్నారు. గన్ను ఒక్కసారి చేతి మీదికి తిరిగితే చర్మంలోకి గ్రిట్టు, గాలి రెండూ దూరతాయి. గాలి రక్తంలోకి పోతే ప్రాణం పోవచ్చు. చెమటకు లోపల పల్చటి నూలు గ్లౌజులు వేసుకోండి. సాయంత్రం ఇంటికి పోయేముందు కంప్రెసర్ గాలితో చొక్కా దులుపుకోవడం కూడా ఇదే కారణానికి మానేయండి. దాంతో చొక్కా మీది దుమ్ము ముక్కులోకి పోతుంది కూడా. పనిబట్టలు షెడ్డులోనే విప్పి, తడిపి, విడిగా ఉతకండి. ఇంట్లో పసిపిల్లలను ఎత్తుకునేది ఆ చొక్కాతో కాకూడదు.

తలుపు తెరిస్తే గాలి ఆగిపోయే స్విచ్చు ఉంటుంది. దాన్ని తీగతో కట్టేసి పని చేయించే యజమానులకు నేను గట్టిగానే చెబుతున్నాను. మీ దగ్గర పనిచేసే పిల్లాణ్ణి వాళ్ల అమ్మా నాన్నలు మీ మీద నమ్మకంతో పంపారు. తీగ విప్పేయండి. పెడల్ మీద ఇటుక పెట్టడమూ అట్లాంటిదే. కాలు తీస్తే ఆగాలి, దాని ప్రయోజనం అది.

ఎర్తింగ్ తప్పదు. గ్రిట్టు రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి, గన్ను పట్టుకున్న చేతికి జిల్లుమని కొడుతుంది. షాకు చిన్నదే, కానీ ఉలిక్కిపడ్డ చెయ్యి గన్నును ఎటు తిప్పుతుందో చెప్పలేం. క్యాబినెట్టు బాడీకి, గన్నుకు ఎర్త్ తీగ ఉందో లేదో చూడండి, పెయింటు మీద కాకుండా గీకిన లోహం మీద బిగించండి.

ఇప్పుడు నీళ్ల గురించి. ఇది మన తీరానికి ప్రత్యేకం. కంప్రెసరు ఎనిమిది వంతుల గాలిని ఒక వంతులోకి నొక్కుతుంది. గాలిని నొక్కగలం, అందులోని ఆవిరిని అట్లా నొక్కి ఉంచలేం, అది చల్లబడగానే నీళ్లయిపోతుంది. గన్నుకు నిమిషానికి 20 ఘనపుటడుగుల గాలి కావాలనుకోండి, చిన్న క్యాబినెట్టుకు అది మామూలే. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఆపకుండా గంటసేపు తిప్పితే అర లీటరుకు పైగా నీళ్లు దిగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో ఇంకా ఎక్కువ. ఆ నీళ్లు గన్నులోకి వస్తే గ్రిట్టు ముద్ద కడుతుంది. గన్ను దగ్గుతుంది, ఆగి ఆగి కొడుతుంది. పనివాడు ప్రెజరు పెంచుతాడు. గ్రిట్టు ఇంకా పగులుతుంది, దుమ్ము పెరుగుతుంది, తేమ దుమ్ము ఫిల్టరుకు అంటుకొని గట్టిపడుతుంది, లాగుడు పోతుంది. ఎక్కడో ట్యాంకులో మొదలైన నీళ్లు చివరికి ఊపిరితిత్తుల దగ్గర తేలుతాయి.

కాబట్టి ట్యాంకు అడుగున ఉన్న డ్రైన్ కాక్ రోజూ తెరవండి. గాలిలోని నీళ్లను పట్టే వాటర్ ట్రాపును కంప్రెసరు పక్కనే పెడతారు చాలామంది. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీళ్లు ఆవిరిగానే దాటిపోతాయి. పదిహేను ఇరవై అడుగుల ఇనప పైపులో చల్లబడనిచ్చి, క్యాబినెట్టు దగ్గర ట్రాపు పెట్టండి. పైపు వాలుగా ఉండాలి, గన్నుకు గాలిని పైపు పైభాగం నుంచి తీసుకోవాలి. ప్లాస్టిక్ పైపు వేయవద్దు, ప్రెజరుకు పగిలితే పెంకులు ఎగిరి గుచ్చుకుంటాయి. డ్రైన్ చేయని ట్యాంకు లోపల అడుగున తుప్పు పట్టి పల్చబడుతుంది. అది పేలితే షెడ్డు మిగలదు. సేఫ్టీ వాల్వు పనిచేస్తుందో లేదో చూడండి, ట్యాంకుకు నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే హైడ్రాలిక్ టెస్టు చేయించండి. ఇక రొయ్యల గుంటల సామాను కొట్టేవాళ్లు ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరబెట్టి లోపల పెట్టండి. కొట్టాక బయటపడ్డ తెల్ల ఇనుము మన ఉప్పుగాలికి గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమరు అదే రోజు, వీలైతే అదే పూట పడాలి. ఒట్టి చేత్తో ముట్టుకోకండి, చెమటకూ తుప్పు పడుతుంది.

ఏవి లోపల పెట్టకూడదో చెబుతాను. నూనె, గ్రీజు ఉన్నవి వద్దు. ముందు కడగాలి, లేకపోతే గ్రిట్టూ ఫిల్టరూ రెండూ పాడవుతాయి. పాత లారీల బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు అసలే వద్దు, వాటి లైనింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పాత ఎర్ర ప్రైమర్లలో సీసం ఉంటుంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది గానీ, ఆ నిబంధన ఇళ్ల రంగులకు, అలంకార రంగులకే. మనకొచ్చేవి పాత యంత్రాలు, వాటి మీది రంగు ఏదో మనకు తెలియదు. రంగు చూసి అనుమానం వస్తే రసాయనంతో తీయండి. ఇంజను హెడ్డు లాంటివి కొడితే నూనె కాలువల్లో పూసలు ఇరుక్కొని, బండి నడిచాక బేరింగులను తినేస్తాయి. రంధ్రాలు మూసి కొట్టండి, తర్వాత గాలితోనూ నీళ్లతోనూ కడగండి.

అల్యూమినియం గురించి మాత్రం ఒక నిమిషం. అల్యూమినియం సన్న పొడి మండుతుంది, గాలిలో మేఘంగా లేస్తే పేలుతుంది కూడా. దానికి ఇనప తుప్పు పొడి తోడైతే ఇంకా ప్రమాదం, రైలు పట్టాలు అతికించడానికి వాడే థర్మైట్ మందులో ఉండేది ఆ రెండే. పొద్దున తుప్పు గేర్‌బాక్సులు, మధ్యాహ్నం అల్యూమినియం రిమ్ములు ఒకే కలెక్టరులోకి పంపితే ఆ మిశ్రమాన్ని మనమే తయారు చేసినట్టు. ఒకదాని తర్వాత ఇంకొకటి కొట్టేముందు కలెక్టరు డబ్బా ఖాళీ చేయండి, ఫిల్టరు శుభ్రం చేయండి. కలెక్టరు పక్కన గ్రైండరు నిప్పురవ్వలు పడకూడదు.

గన్ను మూతికి ఉండే నాజిల్ చూద్దాం. సక్షన్ గన్నులో లోపల ఒక గాలి జెట్, బయట నాజిల్ ఉంటాయి. నాజిల్ రంధ్రం జెట్‌కు దాదాపు రెట్టింపు ఉండేట్టు చేస్తారు, ఆ పొత్తు మీదే గ్రిట్టును లాగే శక్తి ఆధారపడుతుంది. నాజిల్ అరిగితే లాగుడు తగ్గుతుంది. 6 మిల్లీమీటర్ల రంధ్రం ఏడున్నర అయిందంటే వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటింది, మార్చేయాల్సిందే. ఏడున్నర మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కాడ నాజిల్‌లో దూరితే అది అరిగినట్టు. సెరామిక్ నాజిళ్లు చవక, త్వరగా అరుగుతాయి. బోరాన్ కార్బైడు ఖరీదు, చాలాకాలం వస్తుంది. అప్పుడప్పుడూ పావు చుట్టు తిప్పుతూ ఉంటే ఏ రకమైనా గుండ్రంగా అరుగుతుంది. గన్ను మూసుకుపోతే మూతికి బొటనవేలు అడ్డం పెట్టి వెనక్కి ఊదించే అలవాటు ఉంది, అది వద్దు. గాలి వాల్వు మూసి, పెడల్ తొక్కి లైను ఖాళీ చేసి, అప్పుడు విప్పండి. వస్తువు మీద గన్ను నిటారుగా కాకుండా 45 నుంచి 60 డిగ్రీల వాలులో, జానెడు లోపు దూరంలో పట్టండి. నిటారుగా కొడితే గ్రిట్టు తిరిగొచ్చి అద్దాన్ని మసకబరుస్తుంది. అద్దం లోపలివైపు పల్చటి ఫిల్మ్ ఉంటుంది, అది మసకబారగానే మార్చండి. కనిపించకపోతే మనిషి మొహం దగ్గరికి తెస్తాడు, తలుపు ఊరికే ఊరికే తెరుస్తాడు.

(సభలోంచి ఒకరు: మా షెడ్డులో కుర్రాడు మొహానికి తువ్వాలు గట్టిగా కట్టుకొనే చేస్తాడు సార్. సరిపోదా?)

సరిపోదు నాయనా. తువ్వాలు నూలు సందుల్లోంచి నాలుగు మైక్రాన్ల రేణువు హాయిగా పోతుంది. కర్చీఫు, సర్జికల్ మాస్కు కూడా అంతే. క్యాబినెట్టు సరిగ్గా ఉంటే మామూలు పనిలో మాస్కు మీద భారం పడకూడదు. గ్రిట్టు మార్చేటప్పుడు, కలెక్టరు డబ్బా ఖాళీ చేసేటప్పుడు, ఫిల్టరు విప్పేటప్పుడు మాత్రం రబ్బరు అంచు ఉన్న, సన్న దుమ్మును దాదాపు పూర్తిగా ఆపే పీ100 ఫిల్టర్లు తగిలించే హాఫ్ మాస్కు కావాలి. గడ్డం ఉంటే అంచు అతకదు. ఆ దుమ్మును చీపురుతో ఊడ్చవద్దు, నీళ్లు చల్లి తడిగా ఎత్తి, మందపాటి సంచిలో కట్టేయండి. సీసపు రంగు పొడి ఉన్న సంచిని చెత్తకుప్పలోనో కాలవలోనో వేయకండి, పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

(ఇంకొకరు: ఇంతకుముందు ఇసుకతోనే చేసినాం సార్, చానా కాలం. ఇప్పుడు ఏం జేయాల?)

మీరు లేచి అడిగినందుకు నాకు చాలా గౌరవంగా ఉంది అన్నా. మొదటిది, ఈ రోజే ఇసుక ఆపండి, క్యాబినెట్టులో ఉన్నది తడిపి తీసేయండి. రెండోది, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష చేయించుకోండి. దగ్గు లేకపోయినా చేయించుకోండి, మచ్చలు ముందు పడతాయి, ఆయాసం తర్వాత వస్తుంది. డాక్టరు గారికి మీ పని ఏమిటో మీరే చెప్పాలి. ఎన్నేళ్లు, ఏ ఇసుకతో, మూసిన గదిలోనా బయటా, అన్నీ చెప్పండి. చెప్పకపోతే ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనుకునే అవకాశం ఉంది. ఇంకో చిక్కు, సిలికా పీల్చినవాళ్లకు నిజంగానే టీబీ తొందరగా పట్టుకుంటుంది, కాబట్టి కఫం పరీక్ష కూడా కావాలి. సిగరెట్టు, బీడీ ఉంటే మానేయండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి, వచ్చే ఏడు తీసినదానితో పోల్చడానికి అవే ఆధారం. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు ఇది వృత్తి జబ్బు కింద వస్తుంది. కార్డు లేనివాళ్లకు పనివాళ్ల పరిహారం గురించిన చట్టంలోనూ దీనికి చోటుంది. యజమానులు దీన్ని తమ మీద ఫిర్యాదుగా తీసుకోవద్దు. పనిలో చేర్చుకున్న రోజే ఒక ఎక్స్‌రే తీయించి దాచండి, ఏడాదికోసారి మళ్లీ తీయించండి. ఒక గార్నెట్ సంచి ఖర్చుతో పోల్చి చూసుకోండి.

ఇక మాటలు చాలు. ఈ క్యాబినెట్టుకు ప్లగ్గు తీసేశాం, గాలి వాల్వు మూశాం, లైను ఖాళీ చేశాం, గేజి సున్నా మీద ఉంది చూడండి. నాజిల్ విప్పి డ్రిల్ బిట్‌తో కొలవడం, అద్దం ఫిల్మ్ మార్చడం, తలుపు గ్యాస్కెట్టు చుట్టూ టార్చి వేసి చూడడం చేసి చూపిస్తాను. ఐదుగురు ఐదుగురుగా రండి. ముందు ఐటీఐ పిల్లలు రండి, విప్పేది మీ చేతులతోనే.